కోడ్ వెంట ఎవరొస్తున్నారు?

2025, జూన్ 9, సోమవారం

ఎట్టకేలకు లీగల్ వాళ్ల సంతకం పడింది. మా ఆఫీసులో ఏళ్ల తరబడి లోపల్లోపలే వాడుకుంటున్న పేర్లు పోల్చే కోడ్‌ను ఒక ఓపెన్ సోర్స్ సెర్చ్ ప్రాజెక్టుకు ఇచ్చేయొచ్చట. వింటే చిన్న పనే. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు 'కే' పెట్టి రాస్తారు, ఇంకొకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటే ఇంకో కార్డులో వెనక్కి పోతుంది. శ్రీనివాసరావు ఒక రికార్డులో ఒకే మాట, మరో దాంట్లో రెండు మాటలు, మూడో దాంట్లో ఉత్త ఎస్. రావు. ముగ్గురూ ఒక్కరేనా కాదా తేల్చాలి. అది తేల్చడానికి నలభై వేల పైచిలుకు లైన్లు అయ్యాయి.

"ఈ వారంలో పుష్ చేసేద్దాం" అని మేనేజర్ మెసేజ్. "చూద్దాం సార్" అని పెట్టాను.

జూన్ 11, బుధవారం

చైతన్యపురిలో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో రైలు మారేదాకా నిలబడే ప్రయాణం. ఫోన్లో పారగాన్ కథ చదివాను. విండోస్ డిస్కులను లినక్స్‌లో చదవడానికీ, రాయడానికీ పనికొచ్చే డ్రైవర్‌ను ఆ జర్మనీ కంపెనీ 2020 ఆగస్టులో కెర్నల్‌కు ఇస్తానంది. అందరికీ కావాల్సిన సరుకే. కానీ 27 వేల లైన్లను ఒకే ప్యాచ్‌గా పంపింది. ఇంత పొడుగుది ఎవరు చదువుతారు, ముక్కలు చేసి పంపండి, టెస్టులు ఏవి, రేపు ఎవరు చూసుకుంటారు అని అవతలి నుంచి ప్రశ్నలు. వాళ్లు ఓపిగ్గా మళ్లీ మళ్లీ సరిదిద్ది పంపితే 2021 అక్టోబరు ఆఖర్న వచ్చిన 5.15 వెర్షన్‌లో చోటు దొరికింది. ఏడాది తిరక్కుండానే, 2022 ఏప్రిల్‌లో, ఈ డ్రైవర్‌ను చూసుకునేవాళ్లు ఉన్నట్టా లేనట్టా అని మళ్లీ ప్రశ్న లేచింది.

ముక్కలు చేయమన్నది మొదటి ప్రశ్న. చివరిదాకా వదలనిది ఆఖరి ప్రశ్న.

సాయంత్రం ఆ సెర్చ్ ప్రాజెక్టు వాళ్లకు కోడ్ పంపలేదు. ఒక పేజీ ఉత్తరం పంపాను. ఇది ఏం చేస్తుంది, మీ దగ్గర ఇప్పటికే ఉన్నదానికీ దీనికీ తేడా ఏమిటి, ఎంత ఉంది, ఏ లైసెన్సు, ఏ వరుసలో ఇస్తాం. వద్దనే మాటే అయితే అది ఇప్పుడే రావడం మంచిది.

జూన్ 14, శనివారం

దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు. మా గల్లీ హాస్టల్లో ఉండే దేవరకొండ పిల్లాడు కలిశాడు. కోర్సు అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

"అన్నా, ఫోర్క్ కొట్టి అంతా ఒక్క పుల్ రిక్వెస్టుల పెట్టేస్తే అయిపోతది గద. ఇంత లొల్లి ఎందుకు?"

"అవతల నువ్వే ఉన్నవనుకో. నలభై వేల లైన్లు వచ్చి పడ్డయ్. చదువుతవా?"

చాయ్ చప్పరించి నిజం చెప్పాడు. "రెండొందలు దాటితేనే నేను కిందికి జరిపి 'బాగుంది' అని కొట్టేస్తన్నా."

"మంచి ప్రాజెక్టులల్ల అట్ల కొట్టరు. చదవలేనిది తీసుకోరు."

"మరి పెద్దది ఎట్ల తీసుకుంటరు?"

"చిన్నగ చేసి ఇస్తే తీసుకుంటరు. ఇచ్చినోడు పారిపోడని నమ్మితే తీసుకుంటరు."

జూన్ 18, బుధవారం

ఈ రోజంతా ఊడ్చుడు పనే. బయటికి పోయే ముందు ఇంట్లో ఏముందో చూసుకోవాలి కదా.

టెస్టుల ఫోల్డర్లో ఒక ఫైలు. పేర్లు, పక్కన తండ్రి పేర్లు, ఊళ్లు, పది అంకెల నంబర్లు. ఎవరో కల్పించి రాసి ఉంటారనుకుంటూ కిందికి పోతే ఒక వరుసలో 'కీ.శే.' అని ఉంది. కల్పించి రాసేవాళ్లు పోయినవాళ్లను కల్పించరు. అవి నిజం కస్టమర్ల రికార్డులు. పరీక్ష కోసం ఎవరో ఎప్పుడో లైవ్ డేటాబేసు నుంచి ఎత్తి ఇక్కడ పెట్టారు.

ఫైలు తీసేస్తే సరిపోదు. గిట్‌లో తీసేసిన ఫైలు చరిత్రలో అలాగే కూర్చుంటుంది. పాత కమిట్‌కు వెళ్లిన ఎవరికైనా కనిపిస్తుంది. ఫిల్టర్-రెపో అనే పరికరంతో చరిత్ర మొత్తాన్ని తిరగరాయాలి, లేదా చరిత్ర వదిలేసి కోడ్ ఒక్కటే ఇవ్వాలి. చరిత్ర వదిలేస్తే ఏ లైను ఎందుకు వచ్చిందో తర్వాతి వాళ్లకు తెలియదు. తిరగరాస్తే ప్రతి కమిట్ గుర్తింపు సంఖ్యా మారిపోతుంది. రెండూ నష్టమే. మేం తిరగరాయడానికే మొగ్గాం.

అదే చోట ఒక డేటాబేసు పాస్‌వర్డు కూడా దొరికింది. దాన్ని చెరపడం తర్వాత, ముందు మార్చాలి. మార్చారు.

ఇంకొక ఫంక్షన్ మీద అనుమానం వచ్చింది. రెండు మాటల మధ్య దూరం లెక్కగట్టే ముప్పై లైన్లు. వేరియబుల్ పేర్లు మా వాళ్ల తీరులో లేవు. వెతికితే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక జవాబుకు అచ్చు కాపీ. అక్కడి రాతలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది. రాసినవాళ్ల పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. మనం ఇవ్వబోయేది అపాచీ లైసెన్సు ఉన్న ప్రాజెక్టుకు. తీసేసి, పాత కోడ్ చూడని మనిషి చేత కొత్తగా రాయించాం. మరో మూల జీపీఎల్ హెడర్ ఉన్న ఫైలు ఒకటి బయటపడింది. అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో కలపడానికి వీల్లేదన్న జాబితాలో జీపీఎల్ ఉంది. అదీ బయటికే.

కామెంట్లలో ఒక క్లయింటును అచ్చ తెలుగులో తిట్టిన తిట్టు కూడా ఉంది. రాసినవాళ్లెవరో చేతిరాత లేకపోయినా తెలిసిపోయింది.

జూన్ 22, ఆదివారం

పక్క పోర్షన్ కాక ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో కమీషన్ దుకాణం గుమాస్తా. 2021లో మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. అక్కడ వసతుల్లేవని కమీషన్ ఏజెంట్లు హైకోర్టు దాకా వెళ్లారు. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. కాక అంత దూరం రోజూ పోలేక పని మానుకున్నాడు.

"కాంటాలు పోయినయ్, ఖాతా బుక్కులు పోయినయ్, అన్నీ మంచిగనే చేరినయ్ బిడ్డా. కానీ ఏ ఊరి రైతు ఎసొంటి కాయ తెస్తడు, ఎవరికి అడ్వాన్సు ఇయ్యొచ్చు, ఎవరికి ఇయ్యొద్దు, అది బుక్కుల ఉండదు. మా సేటు ఇప్పటికీ ఫోన్ జేసి అడుగుతడు."

మా కోడ్‌లోనూ అలాంటి చోటొకటి ఉంది. పేరులో 'వెంకట' కనిపిస్తే దాని మార్కులు బాగా తగ్గించి, తర్వాతి మాటకు పెంచుతుంది. ఎందుకో ఎక్కడా రాసి లేదు. రాసినామె వేరే కంపెనీలో ఉంది.

జూన్ 24, మంగళవారం

ఆమెకు ఫోన్ చేశాను. నవ్వేసింది.

"అన్నయ్యా, మన దగ్గర వెంకట లేనిదెవరికి? అది కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరే అంటే రాష్ట్రంలో సగం మంది ఒకరే అయిపోతారు. వెంకట రమణ, వెంకట సుబ్బయ్య అన్నప్పుడు మనిషిని పట్టిచ్చేది రెండో మాటే."

అరుదైన మాటకు బరువెక్కువ, అందరికీ ఉన్న మాటకు తక్కువ. ఒక్క వాక్యం. అది లేకపోతే బయటి రివ్యూయర్‌కు ఆ పదిహేను లైన్లు పిచ్చిరాతల్లా కనిపిస్తాయి. డాక్యుమెంటులో మొదటి పేజీకే ఎక్కించాను.

జూన్ 27, శుక్రవారం

పెద్ద మూట తెచ్చి ఒకేసారి దించితే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియంది కాదు. కోడ్ కాదు, వ్యాసాలు. 2009 నుంచి 2011 దాకా గూగుల్ తన అనువాద పరికరం వాడి, అనువాదకులకు డబ్బిచ్చి, ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను తెలుగు, తమిళం, హిందీ, కన్నడం వంటి వికీల్లోకి ఎక్కించింది. ఉద్దేశం మంచిదే. తెలుగు వికీ పరిమాణం గబగబా పెరిగింది. కానీ వ్యాసాలు కొండవీటి చేంతాళ్లు, వాక్యాలు ఇంగ్లీషు నడకవి, మూసలు విరిగినవి, లింకులు ఎర్రవి. చర్చాపేజీలో అడిగితే చాలాసార్లు జవాబు చెప్పే దిక్కు లేదు. ఎక్కించినవాళ్లు తర్వాతి వ్యాసానికి వెళ్లిపోయారు. శుద్ధి చేయాలా, తీసేయాలా అన్న చర్చ అక్కడి స్వచ్ఛంద సంపాదకులకు ఏళ్ల తరబడి మిగిలింది.

బెంగాలీ వికీ మాకొద్దని చెప్పేసింది. తమిళులు మధ్యేమార్గం పట్టారు. ఆపమన్నారు, కూర్చోబెట్టి మాట్లాడారు, ఏ వ్యాసాలు కావాలో తామే చెబుతామన్నారు, పాతవి బాగుచేశాకే కొత్తవన్నారు. 2010లో పోలండ్‌లో జరిగిన వికీమేనియాలో ఆ అనుభవాన్ని అందరి ముందూ పెట్టారు.

మూడింటిలో నాకు తమిళుల పద్ధతే నచ్చింది. ఇచ్చేవాడికి వేగం కావాలి, తీసుకునేవాడికి ఊపిరి కావాలి. నిబంధనలు తీసుకునేవాడే రాయాలి.

జూలై 2, బుధవారం

లీగల్ మేడమ్‌తో గంట కూర్చున్నాను. మన కాపీరైటు చట్టం, 1957లో 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిందానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. అక్కడిదాకా చిక్కు లేదు. కాంట్రాక్టు మీద పనిచేసి వెళ్లినవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఉద్యోగులు కారు. హక్కు కంపెనీకి బదిలీ అయిందని రాతపూర్వకంగా ఉండాలి. ఒకాయన ఒప్పందం కాగితం ఎంత వెతికినా దొరకలేదు. ఆయన్నే అడిగితే ఆనందంగా సంతకం చేసి పంపారు.

ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్‌లో మా కోడ్ ఉందంటూ ఐబీఎం మీద దావా వేసింది. మరుసటి ఏడాది మే నెలలో లైనస్ టోర్వాల్డ్స్ ఒక పద్ధతి తెచ్చాడు: ప్రతి ప్యాచ్ కింద పంపినవాళ్లు తమ పేరుతో, దీన్ని ఇచ్చే హక్కు నాకుంది అని ఒక లైను రాయాలి. అపాచీలో పెద్ద కోడ్‌కు ఆ లైను చాలదు, సాఫ్ట్‌వేర్ గ్రాంట్ అనే విడి పత్రం మీద కంపెనీ సంతకం కావాలి.

జూలై 9, బుధవారం

వాన. ఆఫీసుకు పోలేదు.

మా కోడ్‌కు సొంత లాగింగ్ ఉంది, సొంత కాన్ఫిగరేషన్ ఉంది, అక్షరాలను సరిచేసే సొంత లైబ్రరీ కూడా ఉంది. వాటన్నిటినీ పట్టుకుపోతే అవతలి ప్రాజెక్టులో ప్రతి పనికీ రెండు దారులు అవుతాయి. ఏఎమ్‌డీకి ఇదే ఎదురైంది. 2016 ఫిబ్రవరిలో గ్రాఫిక్స్ కార్డుల డిస్‌ప్లే కోడ్ దాదాపు 93 వేల లైన్లు లినక్స్ వాళ్లకు చూపించింది. విండోస్‌కూ లినక్స్‌కూ ఒకే కోడ్ నడవాలని మధ్యలో ఒక పొర వేసుకుంది. ఆ పొర మీకు సుఖం, మాకు కాదు అని గ్రాఫిక్స్ విభాగం చూసే డేవ్ ఎయిర్లీ డిసెంబరులో తేల్చి చెప్పాడు. వాళ్లు అలిగి పోలేదు. పొరలు ఒలిచి, కెర్నల్ పద్ధతికి తెచ్చుకుని మళ్లీ వచ్చారు. 2018 జనవరిలో వచ్చిన 4.15లో అది ఉంది.

మా లాగింగ్ పీకేశాను. ఏడుపు రాలేదు.

జూలై 15, మంగళవారం

ప్రాజెక్టు నుంచి జవాబు. మర్యాదగా, కురచగా ఉంది. ఆసక్తి ఉందట. లైసెన్సు సంగతి బాగానే ఉందట. ఒకే ఒక్క ప్రశ్న: ఈ కోడ్ వెంట ఎవరొస్తున్నారు?

మేనేజర్‌కు చూపించాను. "ఎవరొస్తారు? కోడ్ ఇస్తున్నాం కదా" అన్నాడు.

జూలై 17, గురువారం

మేనేజర్‌తో మాట్లాడటానికి ఉదాహరణ కావాలి. దొరికింది. 2009 జూలై 20న మైక్రోసాఫ్ట్ లినక్స్‌కు 20 వేల లైన్ల హైపర్-వీ డ్రైవర్ల కోడ్ ఇచ్చింది. ఆ రోజుల్లో అదొక పెద్ద వార్త. కోడ్‌ను స్టేజింగ్‌లో పెట్టారు. ఇంకా సాన పట్టాల్సినవి ఉంచే చోటది. తర్వాత ఇచ్చినవాళ్ల చప్పుడు తగ్గింది. పట్టించుకోకపోతే తీసేస్తామని స్టేజింగ్ చూసే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ హెచ్చరించాడు. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ మనుషుల్ని కూర్చోబెట్టింది. వాళ్లలో కె.వై. శ్రీనివాసన్ పంపిన మార్పులు ఎన్నంటే, 2011లో వచ్చిన లినక్స్ 3.0లో వ్యక్తుల లెక్కన అందరికన్నా ముందు ఆయన పేరే ఉంది. 2012 నాటికి డ్రైవర్లు స్టేజింగ్ దాటి అసలు చోటికి చేరాయి.

20 వేల లైన్లు 2009లోనే వచ్చాయి. వాటికి విలువ వచ్చింది మనిషి వచ్చాకే.

జూలై 21, సోమవారం

బోనాల సెలవు. నిన్నంతా లాల్‌దర్వాజ దిక్కు నుంచి డప్పులు. ఇవాళ గల్లీ నిద్రపోతోంది.

ఓపెన్‌ఆఫీస్‌ది తిరగేసిన కథ. 2010 సెప్టెంబరులో చాలామంది డెవలపర్లు బయటికొచ్చి లిబ్రెఆఫీస్ పెట్టుకున్నారు. 2011 జూన్‌లో ఒరాకిల్ అసలు కోడ్‌ను, పేరును అపాచీకి ఇచ్చింది. కోడ్ అక్కడికి చేరింది, చేసిన చేతులు అప్పటికే ఇంకోచోట ఉన్నాయి. లైసెన్సు కుదరని లైబ్రరీలు తీసి, బదులు పెట్టి, అపాచీ తొలి విడుదల ఇచ్చేసరికి 2012 మే. 2014లో వచ్చిన 4.1 తర్వాత ఇప్పటికీ ఆ 4.1కే అతుకులు. అవతల లిబ్రెఆఫీస్ ఏటా రెండు పెద్ద వెర్షన్లు తెస్తోంది, తెలుగు మెనూలతో సహా.

జూలై 26, శనివారం

హాస్టల్ పిల్లాడు బెంగళూరు ఇన్‌మొబి గురించి అడిగాడు. చెప్పాను. ఆ కంపెనీలో పుట్టిన కోడ్ రెండుసార్లు అపాచీ గడప తొక్కింది. ఫాల్కన్ 2013లో, కొత్త ప్రాజెక్టులు ముందుగా అడుగుపెట్టే ఇంక్యుబేటర్‌లో చేరి 2015 మొదట్లో పూర్తి స్థాయి ప్రాజెక్టు అయింది. గ్రిల్ అనే పేరుతో మొదలైన లెన్స్ 2014లో చేరి 2015 ఆగస్టుకల్లా గట్టెక్కింది. దాని బాధ్యత చూసింది అమరేశ్వరి శ్రీరామదాసు. పద్ధతిగా, మెంటర్ల చేతుల మీదుగా, కాగితాలన్నీ సరిగ్గా పెట్టి వెళ్లినవి ఇవి.

"ఇప్పుడు నడుస్తున్నయా అన్నా?"

"రెండూ ఆటిక్‌ల ఉన్నయ్. కోడ్ కనిపిస్తది, చూసుకునేటోళ్లు లేరు."

"మరి అంత కష్టం దండుగేనా?"

దండుగ కాదు. ఆ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, ఫోర్క్ చేయొచ్చు, చదివి నేర్చుకోవచ్చు. ప్రాజెక్టును మూసేయాల్సి వచ్చినా మర్యాదగా మూయడం కూడా పద్ధతిలో భాగమే. అయితే గడప దాటించడానికి పెట్టిన శ్రద్ధ నిలబెట్టడానికీ కావాలి. అందుకే ఇంక్యుబేటర్‌లో ఒక్క కంపెనీ మనుషులే ఉన్న ప్రాజెక్టును చూసి మెంటర్లు కనుబొమలు ముడేస్తారు.

జూలై 31, గురువారం

మేనేజర్ దిగొచ్చాడు. ఇద్దరికి వారంలో ఒక రోజు, ఏడాది పాటు, ఈ పనికే. ఒకరు నేను. రెండోది ఈ మధ్యే చేరిన అమ్మాయి. ప్రాజెక్టుకు అదే రాసి పంపాను. పేర్లతో సహా.

ఇక ముక్కలు. ముక్కలు చేయడమంటే ఫైళ్లవారీగా కోయడం కాదు. ప్రతి ముక్క పెట్టగానే ప్రాజెక్టు కంపైల్ కావాలి, ఉన్న టెస్టులన్నీ పాసవ్వాలి. రేపెప్పుడో తప్పు బయటపడితే గిట్ బైసెక్ట్ మంచి వెర్షన్‌కూ చెడ్డ వెర్షన్‌కూ నడుమ సగానికి సగం కోసుకుంటూ వెతుకుతుంది. వెయ్యి మార్పుల్లో దొంగను పట్టడానికి పది పరీక్షలు చాలు. మధ్యలో ఒక్క ముక్క కంపైల్ కాకపోయినా వేట అక్కడ తడబడుతుంది.

మా వరుస ఇదీ. ముందు వాళ్ల కోడ్‌లోనే మేం గమనించిన చిన్న తప్పు ఒకటి సరిచేసి పంపడం. తర్వాత పేర్ల పోలిక తగిలించుకోవడానికి ఒక ఖాళీ చోటు. ఆపైన స్పెల్లింగుల పట్టిక, కల్పిత పేర్లతో టెస్టులు. ఇనిషియల్స్ ఆ తర్వాత. వెంకట సంగతి చివర్న. అన్నీ చేరేదాకా మొత్తం ఫీచర్ ఆఫ్‌లోనే ఉంటుంది. స్పేసులు, కామాలు సర్దే మార్పులు విడిగా; వాటిని తర్కం మార్పులతో కలిపితే ఏది మారిందో ఎవరికీ కనిపించదు.

ఆగస్టు 5, మంగళవారం

మొదటి ముక్క చేరింది. పట్టుమని పన్నెండు లైన్లు. రివ్యూయర్ ఒక వేరియబుల్ పేరు మార్చమన్నాడు, ఒక టెస్టు పెంచమన్నాడు. కొత్తమ్మాయే రెండూ చేసి పంపింది. మేం నలభై వేల లైన్లు రాసినప్పుడు లేని సంతోషం ఆ పిల్ల మొహంలో చూశాను.

టీమ్ గోడ మీద ఒక కాగితం అంటించాను:

కోడ్ కదిలించే ముందు ఉత్తరం రాయాలి.
ప్రతి ఫైలు ఎవరిదో కాగితం ఉండాలి. లేకపోతే ఆ ఫైలు పోదు.
కస్టమర్ల వివరాలు, పాస్‌వర్డులు కోడ్‌లోనే కాదు, చరిత్రలోనూ వెతకాలి.
మన సొంత పొరలు మన దగ్గరే ఉండిపోవాలి.
ఒక్క ముక్క ఒక్క పనే చేయాలి. ఒక్క కూర్చోవడంలో చదవగలిగేంతే ఉండాలి.
ఎందుకు అనేది రాసి ఉండాలి. రాసినవాళ్లు ఊళ్లో ఉండగానే అడిగి రాయాలి.
రేపు ఎవరు చూస్తారో పేరు చెప్పాలి. పేరు లేకపోతే పంపడం వద్దు.

మన ఊరి ఆఫీసుల్లో ఇలా మూలన పడున్న మంచి కోడ్ చాలా ఉంది. తెలుగు వెతుకులాట, తెలుగు పేర్లు, తెలుగు తేదీలు, రైతుబజారు లెక్కలు. ఇవ్వాలనే మనసు ఉంటే ఇవ్వండి. కానీ ఇచ్చే రోజున బడ్జెట్‌లో లీగల్ ఖర్చు ఒక్కటే చూడకండి. ఏడాది పాటు వారంలో ఒక రోజు ఒక మనిషి జీతం కూడా అందులో రాయండి. అది రాయలేకపోతే కోడ్‌ను మీ దగ్గరే పెట్టుకోండి. అవతల రాత్రిళ్లు మేలుకుని చదివే స్వచ్ఛంద కార్యకర్తల నెత్తిన మాత్రం దించకండి.